నాన్న వైపు వాళ్లు ఎలా పోయారో అడగడానికి బందరు వెళ్లాను

మా తమ్ముడు రవి పోయిన నాలుగు నెలలకు నేను బందరు వెళ్లాను. ఒక్క ప్రశ్న అడిగి రావడానికి వెళ్లాను. అది నాకు పుట్టిన ప్రశ్న కాదు. గుండెపోటుతో రవిని ఎమర్జెన్సీలో చేర్చిన రోజు డాక్టరు గారు నన్ను అడిగింది.

"మీ నాన్నగారి వైపు చిన్న వయసులో షుగరు, గుండె జబ్బు ఎవరికైనా ఉన్నాయా అండి?" అన్నారాయన, కాగితం మీద పెన్ను ఆనించి.

నాన్న నలభై తొమ్మిదో ఏట నిద్రలో పోయారని చెప్పాను.

"ఆయన అన్నదమ్ములు?"

ఇద్దరు ఉండేవారని తెలుసు. ఇద్దరూ ఇప్పుడు లేరని తెలుసు. ఎలా పోయారో తెలియదు. నాకు యాభై ఒక్కేళ్లు. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. అనువంశికత పాఠం ఏటా చెబుతాను, బఠాణీ మొక్కలతో సహా. డాక్టరు గారు ఆ గడి ఖాళీగా వదిలేసి లోపలికి వెళ్లిపోయారు. మూడో రోజున రవి పోయాడు. వాడికి నలభై నాలుగు.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా తాత చైనా నుంచి కలకత్తా మీదుగా బెజవాడ వచ్చి, వన్‌టౌన్‌లో పళ్లు కట్టే దుకాణం పెట్టుకున్న మనిషి. నాన్న ఇక్కడే పుట్టారు, ఇక్కడి బళ్లోనే చదివారు, కోపం వస్తే తెలుగులోనే తిట్టేవారు. కంకిపాడు దగ్గర రైతుల ఇంట పుట్టిన అమ్మ పంటి నొప్పితో ఆ దుకాణానికి వచ్చి, తర్వాత ఆయన్ని చేసుకుంది. నాకూ రవికీ నాన్న ముఖమే వచ్చింది. ఒళ్లు కూడా ఆయనదే. చేతులు, కాళ్లు సన్నగా ఉంటాయి, ఉన్న కొవ్వంతా పొట్టకు చేరుతుంది.

రవి కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పనిచేసేవాడు. ముప్పై ఏళ్లకే చొక్కా టక్ చేయడం మానేశాడు. పెళ్లిళ్లలో బంధువులు వాడి పొట్ట తట్టి, "ఏరా, బీర్లు బాగా దింపుతున్నావా?" అనేవాళ్లు. వాడు తాగడు. రాత్రి అన్నం మానేశాడు. కొన్నాళ్లు తెల్లారి కృష్ణ కట్ట మీద నడిచాడు, మోకాలు నొప్పి వస్తే ఆపేశాడు. రెండేళ్లు వరసగా ఒళ్లంతా పరీక్ష చేయించుకుంటే రెండుసార్లూ 'బరువు నార్మల్' అని రాసిచ్చారు. అరవై నాలుగు కిలోల మనిషికి అంతకంటే ఏం రాస్తారు? టేపు తీసి నడుము కొలిచినవాళ్లు లేరు.

కర్మలు అయ్యాక రవి భార్య సుజాత, నేను మళ్లీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఓపికగానే చెప్పారు. "చైనా, జపాను, కొరియా వైపు వాళ్లకి మనిషి సన్నగా ఉన్నా కొవ్వు పొట్ట లోపల చేరుతుందండి, పేగుల చుట్టూ, కాలేయంలో. దాని వెనక జన్యువులు ఉన్నాయి. ఒకటి కాదు, చిన్న చిన్నవి చాలా. ఒక్కోటీ కొంచెం కొంచెం అటు తోస్తుంది. తిండి, కూర్చుని చేసే పని మిగతాది చూసుకుంటాయి. మన డెల్టా వాళ్ల ఒంటి తీరూ దాదాపు అంతే. రవిగారికి రెండు వైపుల నుంచీ వచ్చి ఉంటుంది."

సుజాత తన కూతురు మేఘన గురించి అడిగింది. మేఘనకు పంతొమ్మిదేళ్లు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, అచ్చం తండ్రి ఒళ్లు. "జీన్ టెస్టు ఏదైనా చేయిద్దామా సార్?"

"దానికి డబ్బు పోయకండమ్మా. ఎనభై సెంటీమీటర్లు దాటకుండా నడుము చూసుకోమనండి, షుగరు పరీక్ష చేయించండి. మీ మామగారి అన్నదమ్ములు ఏ వయసులో ఎలా పోయారో కనుక్కోండి. ఆ టెస్టు కంటే అదే నాకు ఎక్కువ చెబుతుంది."

నాన్న తోబుట్టువుల్లో మిగిలింది ఒక్క మేనత్త. బందరులో ఉంటుందని విన్నాను తప్ప ఎప్పుడూ చూసిన గుర్తు లేదు. చేపల వ్యాపారం చేసే ఇంటి అబ్బాయిని చేసుకుందని అన్నదమ్ములు ఆవిడతో మాట్లాడడం మానేశారు. రవి పోయిన వారానికి ఆవిడ కొడుకు నాగేశ్వరరావు ఫోన్ చేసి, "నేను మీ బావనండి, వాట్సాప్‌లో రవి ఫొటో చూశాం," అని రెండు మాటలు పలకరించాడు. ఆ నంబరు దాచుకున్నాను. అమ్మతో అంటే, "ఆవిడ జోలి మనకెందుకే," అంది. అందుకని అమ్మకు చెప్పకుండా బయల్దేరాను.

రెండో శనివారం, స్కూలు సెలవు. మా ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగి, మాది అక్కడి క్వార్టర్. ఐదూ నలభైకి సిటీ బస్సు ఎక్కి ఆరున్నరకి విజయవాడ బస్టాండులో దిగాను. షుగరు మాత్ర వేసుకుని రెండు ఇడ్లీ తిన్నాను. నాకు ముప్పై ఎనిమిదో ఏటే షుగరు వచ్చింది. "తీపి తగ్గించమంటే విన్నావా?" అని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉన్నారు.

ఏడూ పదికి బందరు ఎక్స్‌ప్రెస్ కదిలింది. కండక్టరు ముందు సీట్ల వాళ్లకు టికెట్లు కొట్టుకుంటూ వచ్చి నా ముఖం చూసి హిందీలోకి మారాడు. డబ్బులు ఇవ్వాలని వేళ్లతో చూపించాడు.

"బందరుకండి. ఇదిగో ఆధార్," అన్నాను.

"ఫ్రీ మన స్టేట్ ఆడవాళ్లకేనమ్మా. మణిపూర్ వాళ్లకి రాదు."

"కార్డు చదవండి."

చదివాడు. విజయలక్ష్మి, ఇబ్రహీంపట్నం, ఎన్టీఆర్ జిల్లా. ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. "ఏమనుకోకండి, రూల్సు," అని సున్నా టికెట్ చించి ఇచ్చాడు. ఈ దారిన వచ్చే ఆడవాళ్లు ఆధార్ మర్చిపోకండి. నాలాంటి ముఖం ఉన్నవాళ్లు అసలు మర్చిపోకండి.

కంకిపాడులో ఏడూ నలభై ఐదు. అక్కడ పెద్దావిడ ఒకరు ఎక్కి నా పక్కన కూర్చున్నారు. మనవరాలు కూచిపూడిలో నాట్యం నేర్చుకుంటోందట, పామర్రులో దిగి ఆటోలో వెళ్లాలట. కాలువ పొడుగునా నాట్లు పడుతున్నాయి. కాసేపు నన్ను ఓరగా చూసి, "మీది ఏ దేశం అమ్మా?" అన్నారు.

"బెజవాడేనండి. మా తాతగారు చైనా."

"అదే అనుకున్నా. మీ వాళ్లకేం తల్లీ, టీవీలో చూస్తాంగా, అన్నీ తింటారు, ఒక్కరికీ పొట్ట ఉండదు. మా ఇంట్లో చూడు, గాలి పీల్చినా పొట్టకే."

ఆవిడ మంచిగానే అన్నారు. నేను చీర కొంగు పొట్ట మీదికి లాక్కుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. రవి ఉంటే నవ్వేవాడు. నాకు నవ్వు రాలేదు. పామర్రులో దిగుతూ ఆవిడ, "వస్తానమ్మా, జాగ్రత్త," అన్నారు.

తొమ్మిదిన్నరకి బందరు. వట్టి చేతులతో వెళ్లడం బాగుండదని బస్టాండు ఎదుట అర కిలో లడ్డు కట్టించాను. గిలకలదిండికి షేర్ ఆటో, ఇరవై రూపాయలు. పడవల రేవుకు కొంచెం ఇవతల, ఎండు చేపలు ఆరబోసిన స్థలం పక్కన డాబా ఇల్లు. నాగేశ్వరరావు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. యాభై ఆరేళ్ల మనిషి. కళ్లు మా నాన్నవి. పొట్ట మాత్రం లేదు. నేను ముందు అదే చూశాను.

మేనత్త వసారాలో పీట మీద కూర్చుని ఉంది. అత్తవారు పెట్టిన పేరు సముద్రాలమ్మ. ఎనభై రెండేళ్లు. నా ముఖం రెండు చేతులతో పట్టుకుని, "పెద్దోడి గడ్డం," అంది. లడ్డు పొట్లం అందిస్తే వాసన చూసి కొడుకు చేతిలో పెట్టింది. "పక్కింటోళ్లకిచ్చిరా. ఇది మా ఇంట్లోకి రాదు."

కాఫీ ఇచ్చారు, పంచదార లేకుండా. మొహమాటపడకుండా వెంటనే అడిగేశాను. "అత్తయ్యా, నాన్న వాళ్లంతా ఎలా పోయారు?"

ఆవిడ ఆలోచించలేదు. ఎన్నాళ్లుగానో ఎవరైనా అడుగుతారని కూర్చున్నట్టు చెప్పింది. "మా నాన్న నలభై ఎనిమిదికి. అప్పుడు నేను చిన్నపిల్లని, షుగరని తర్వాత తెలిసింది. పెద్దోడు గుంటూరులో, నలభై ఏడు. మొహం కడుక్కుంటా పడిపోయాడు. రెండోవాడు రాజమండ్రిలో, యాభై రెండు. ముందు కాలి వేళ్లు తీశారు, ఆనక గుండె. మీ నాన్న ఆఖరోడు. నలుగురివీ పుల్లల్లాంటి కాళ్లు, ముందుకొచ్చిన పొట్ట. ఇప్పుడు మీ తమ్ముడు."

నేను నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. నాలుగు పేర్లు, నాలుగు వయసులు. ఒక అంకె తప్పు రాసి, కొట్టేసి మళ్లీ రాశాను.

"మీరు మాట్లాడుకునేవారు కాదు కదా, ఇదంతా ఎలా తెలుసు?"

"పెద్దోడి సంగతి రెండోవాడు చెప్పాడు. ఆ రెండోవాడికి జబ్బు చేస్తే చూసే దిక్కు లేక నాకు కబురెట్టాడు. మద్రాసు తీసుకెళ్లా, నెల్లాళ్లు ఉన్నా. అక్కడి డాక్టరు మా ఇంటి లెక్కంతా అడిగి, 'మీ రక్తంలోనే ఉందమ్మా, పొట్ట పెరిగితే ఆయుష్షు తగ్గుతుంది, తోబుట్టువులకి చెప్పు, పిల్లలకి చెప్పు' అన్నాడు. ఇంటికొచ్చి నా ఇద్దరు కొడుకులకీ మొలతాళ్లు కొలిచి కట్టా. ముడి జరపనిచ్చేదాన్ని కాదు. బిగుతైతే అన్నం తగ్గించడమే. నేనూ ఒకటి కట్టుకున్నా. ఊళ్లో ఆడోళ్లు నవ్వారు."

నాగేశ్వరరావు చొక్కా కొంచెం ఎత్తి నల్లటి మొలతాడు చూపించాడు. "మాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఇదే గోలండి. షుగరు నాకూ వచ్చింది, కానీ యాభై దాటాకే. మాత్రలతో బానే ఉన్నా. తమ్ముడికి ఇంకా రాలేదు."

అదే రక్తం. వాళ్లకు చెప్పినవాళ్లున్నారు, అంతే తేడా. "మరి నాన్నకి ఎందుకు చెప్పలేదు అత్తయ్యా? మాకెందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతు పెద్దదైంది.

"మీ నాన్నకి మనిషిని పంపా. చేపల వాళ్ల మాట మాకెందుకన్నాడు. అరవై రెండు యుద్ధం తర్వాత చైనా వాళ్లు ఊరు దాటాలంటే పోలీసుల కాయితం కావాల్సొచ్చేది. నా పెళ్లికి రాకపోతే అదే కారణం అనుకున్నా. కాయితాలు అక్కర్లేని రోజులొచ్చినా వాళ్లు రాలేదు." చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టింది. "మీకు చెప్పడానికి నేనే వచ్చా అమ్మాయ్. మీ నాన్న పోయిన పదకొండో రోజు. నువ్వు గుమ్మంలో కూచుని బియ్యం ఏరుతున్నావు."

అప్పుడు గుర్తొచ్చింది. పెద్ద ముక్కుపుడక, తడి చెప్పులు, ఎండు చేపల వాసన. అమ్మ ఆవిడతో పెరట్లో చాలాసేపు మాట్లాడింది. ఎవరమ్మా అంటే, "నాన్న దగ్గర పళ్లు కట్టించుకున్న మనిషి," అంది.

"మీ అమ్మతో అంతా చెప్పా," అంది మేనత్త. "పిల్లల నడుములు చూసుకో, షుగరు చూపించు అన్నా. మీ అమ్మ ఏడ్చింది. 'పిల్లకి సంబంధాలు చూస్తున్నాం వదినా. మొహం చూసే సగం మంది వెనక్కి పోతున్నారు. ఇది కూడా తెలిస్తే ఎవరు చేసుకుంటారు? ఇంకెక్కడా అనకు' అని నా కాళ్లు పట్టుకుంది. సరే అన్నా."

"ముప్పై ఏళ్లు సరే అన్నారా?"

ఆవిడ నా వైపు చూడలేదు. "మాటిచ్చా. నీ పెళ్లయితే మీ అమ్మే చెబుతుందిలే అనుకున్నా. తర్వాత నా ఇల్లు, నా వ్యాపారం. నా తప్పు లేదని నేననను."

పన్నెండున్నరకి భోజనం పెట్టారు. కొరమేను పులుసు, గోంగూర, పలుచటి మజ్జిగ. మేనత్త చిన్న గిన్నెతో కొలిచి గిన్నెడు అన్నం వడ్డించుకుంది, నాకూ అంతే పెట్టింది. ఇంత మంచి పులుసు నేను ఈ మధ్య తినలేదు. అయినా రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాను. ఆవిడ బలవంతం చేయలేదు. వచ్చేటప్పుడు మళ్లీ నా ముఖం పట్టుకుని, "రవి పిల్లకి చెప్పు. నీ నోటితో చెప్పు," అంది. నేను వంగి కాళ్లకు దణ్ణం పెట్టాను గానీ, మనసులో కోపం పోలేదు.

నాగేశ్వరరావు స్కూటర్ మీద స్టేషన్‌లో దింపాడు. మూడున్నర దాటాక ప్యాసింజరు బయల్దేరింది. టికెట్ ఇరవై రూపాయలు. బస్సు కంటే నెమ్మది, కానీ కిటికీ పక్కన సీటు దొరికింది, గాలి బాగుంది. పెడన దాటాక అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ రవి ఇంట్లోనే, సుజాత వాళ్ల దగ్గరే ఉంటుంది.

"అమ్మా, బందరు వెళ్లొస్తున్నా. మేనత్తని చూశాను."

"ఏం చెప్పింది?" అంది.

"అంతా చెప్పింది."

"నీ పెళ్లయిందా లేదా?" అంది అమ్మ. "థర్మల్లో ఉద్యోగస్తుడు. అది బయటపడితే అయ్యేదా? ఎనిమిది సంబంధాలు పోయాయి నీకు. గుర్తుందా?"

"నా పెళ్లి అయిపోయాక రవికి చెప్పొచ్చుగా."

"వాడికి చెబితే నీకు చెబుతాడు. నీకు తెలిస్తే మీ అత్తగారికి తెలుస్తుంది. తర్వాత వాడి పెళ్లి వచ్చింది. తర్వాత అందరూ బానే ఉన్నారుగా అనుకున్నా. ఏం, నాకు కడుపుకోత లేదా? వాణ్ణి నేను కనలేదా?"

ఎదుటి సీట్లో పెళ్లికి వెళ్లే కుటుంబం ఒకటి మాటలు ఆపి నన్ను చూస్తోంది. నేను తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అమ్మ గొంతు తగ్గించింది. "మేఘనకి చెప్పకే. దాని చదువు అవుతుంది, రెండు మూడేళ్లలో ఒక ఇంటిదవుతుంది. అప్పుడు మనమే చెబుదాం. సుజాతకి అసలు చెప్పకు."

నేను ఫోన్ పెట్టేశాను. గుడివాడలో పదిహేను నిమిషాలు ఆగింది బండి. టీ తాగాను, పంచదార వేయొద్దంటే వేసే ఇచ్చాడు, పారబోశాను. బండి కదిలాక సుజాతకు ఫోన్ చేశాను. నోట్‌బుక్ తీసి నాలుగు పేర్లూ, నాలుగు వయసులూ చదివాను. మద్రాసు డాక్టరు చెప్పింది చెప్పాను, మేనత్త మా ఇంటికి వచ్చింది చెప్పాను. ఏదీ దాచలేదు. సుజాత మధ్యలో ఒక్కసారే మాట్లాడింది.

"అత్తయ్యగారికి ముప్పై ఏళ్లుగా తెలుసా వదినా?"

"తెలుసు."

కుక్కర్ కూత వినిపించింది, టీవీ వినిపించింది. తర్వాత సుజాత చాలా మెల్లగా అంది. "ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. మేఘనకి నెయ్యి వేసి అన్నం కలిపి పెడుతున్నారు. రోజూ కాలేజీ నుంచి రాగానే పెడతారు. ఆయనకీ అలాగే పెట్టేవారు."

రేపు ఆదివారం, సోమవారం పొద్దున్నే పరగడుపున మేఘనను ల్యాబుకు తీసుకెళ్దాం, నేనూ వస్తాను అన్నాను. "రండి," అని పెట్టేసింది.

విజయవాడ చేరేసరికి ఆరూ ఇరవై. ముందు అనుకున్నది రవి ఇంటికి వెళ్లి రాత్రికి అక్కడే ఉందామని. వెళ్లలేదు. అమ్మ ముఖం చూసి ఏమంటానో నాకే భయం వేసింది. ఇబ్రహీంపట్నం బస్సు కోసం నిలబడ్డాను.

పోవడం రెండు గంటల ఇరవై నిమిషాలు, రావడం రెండూ నలభై. ఖర్చు లడ్డుతో కలిపి మూడు వందలు దాటలేదు. దారి బాగుంది, బస్సులు ఎప్పుడూ ఉంటాయి, బందరు మనుషులు బాగా మాట్లాడతారు. ఈ దూరం నేను పదేళ్ల కింద వెళ్లినా, ఐదేళ్ల కింద వెళ్లినా రవి ఉండేవాడేమో. కచ్చితంగా ఉండేవాడని డాక్టరు కూడా చెప్పలేడు. ఉండేవాడు కాదని కూడా ఎవరూ చెప్పలేరు. అమ్మ నా పెళ్లి కోసమే దాచింది. ఆ పెళ్లి నాదే, ఇరవై తొమ్మిదేళ్లు సుఖంగానే కాపురం చేశాను. బస్సులో నిలబడి ఇంటికి వెళ్తున్నంతసేపూ నన్ను కోసింది ఇదే.